సైకిలూ కాదట, మోటారు బండీ కాదట

పాత క్రూయిజర్ సైకిలుకు ఇంజను బిగించుకున్నవాణ్ణి అమెరికాలో ఎవరూ తమవాడనుకోరు. చక్రం బెండు తీయించుకుందామని సైకిల్ షాపుకు వెళితే, ఇంజనున్న బండిని మేం ముట్టుకోమంటారు. క్లచ్ గురించి అడుగుదామని మోటార్‌సైకిల్ మెకానిక్ దగ్గరికి వెళితే, పెడళ్ళున్నదాన్ని లోపలికి తేవద్దంటారు. కాలిఫోర్నియాలో మేముండే ఊళ్ళో ఈ రెండు మాటలూ నాకు ఒకే వీధిలో వినబడ్డాయి. మన తెలుగువాళ్ళ ఉగాది భోజనాల దగ్గర ఒక తమ్ముడు నా గోళ్ళలో గ్రీజు చూసి, "ఏంటన్నా, మంచి ఉద్యోగం చేసుకుంటూ ఈ డొక్కు సైకిళ్ళతో మీకేం పని?" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అయినా మనసు చివుక్కుమంది. నేనెంతో గౌరవించే పని అంతమంది కళ్ళకూ చెత్తలాగే కనబడుతోంది. దాని తరఫున మాట్లాడేవాళ్ళు పెద్దగా లేరు కాబట్టి నేనే మాట్లాడతాను.

ముందు ఆ క్రూయిజర్ సైకిలు సంగతి. ఆర్థిక మాంద్యంలో అమెరికా సైకిళ్ళ వ్యాపారం కుదేలైన రోజుల్లో, 1933లో, షికాగోలోని ష్విన్ కంపెనీ 2.125 అంగుళాల లావు టైర్లతో ఒక సైకిల్ తెచ్చింది. గతుకుల రోడ్డు మీద పేపర్లు వేసే కుర్రాళ్ళు ఎత్తి పడేసినా తట్టుకునేంత గట్టి ఉక్కు ఫ్రేము. మరుసటి ఏడు వచ్చిన ఏరోసైకిల్ అనే మోడల్‌కైతే రెండు గొట్టాల మధ్య పెట్రోల్ ట్యాంకులాంటి డొల్ల డబ్బా కూడా పెట్టారు. మోటార్‌సైకిల్ కొనలేని పిల్లవాడి ఆశ ఆ డబ్బాలో ఉంది. వెడల్పాటి హ్యాండిల్, నిటారుగా కూర్చునే సీటు, వెనక్కి తొక్కితే పడే బ్రేకు, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య మంచి దూరం. ఇంజను మోయడానికి ఇంతకన్నా అనువైన సైకిల్ ఫ్రేము ఆ రోజుల్లో దొరికేది కాదు. ఇవాళ అవే ఫ్రేములు గరాజుల్లో కొక్కేలకు వేలాడుతున్నాయి, లేదంటే పాత ఇనుము తూకంలో పోతున్నాయి.

వాటికి ఇంజను బిగించాలన్న ఆలోచన కూడా ఏ పనీ లేని కుర్రాళ్ళది కాదు. లాస్ ఏంజెలెస్‌లో విమాన భాగాలు చేసే బ్రీన్-టేలర్ అనే కంపెనీ 1939లో విజ్జర్ పేరుతో సైకిల్ ఇంజను అమ్మకానికి పెట్టింది. మొదట ఇంజను రోలర్ ఒకటి వెనక టైరును రాసుకుంటూ తిప్పేది. వాన పడితే రోలర్ జారిపోయేది, కాబట్టి తరవాత బెల్టు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకూ టైర్లకూ రేషన్ పెట్టిన కాలంలో, ఆయుధాల ఫ్యాక్టరీలకు డ్యూటీకి వెళ్ళే కార్మికులకు ఈ ఇంజన్లు అమ్మనిచ్చారు. పనికిమాలిన ఆటవస్తువైతే యుద్ధం నడుస్తుండగా ఏ ప్రభుత్వమైనా దానికి ఇనుము కేటాయిస్తుందా?

సముద్రం అవతల కథ ఇంకా పెద్దది. యుద్ధంలో చితికిపోయిన జపాన్‌లో, హమామత్సు పట్టణంలో, 1946లో సోయిచిరో హోండా సైన్యం వదిలేసిన రేడియో జనరేటర్ ఇంజన్లను సేకరించి మామూలు సైకిళ్ళకు బిగించాడు. మొదట్లో చలికాలం పక్కలో పెట్టుకునే వేడినీళ్ళ డబ్బానే పెట్రోల్ ట్యాంకు చేసుకున్నాడు. దొరికిన దాదాపు 500 ఇంజన్లూ అయిపోయాక సొంత ఇంజను గీసుకోవలసి వచ్చింది. హోండా కంపెనీ పుట్టుక అదే. ఇటలీలో బొలోన్యాలోని డుకాటి అంతకుముందు రేడియో భాగాలు చేసుకునే సంస్థ. బాంబులకు ఫ్యాక్టరీ దెబ్బతిన్నాక, 1946లో కుచ్చోలో అనే 48 సీసీ సైకిల్ ఇంజను తయారీ చేపట్టింది. నేడు కుర్రకారు గోడలకు అంటించుకునే ఎర్ర డుకాటి బండ్లన్నిటికీ మూలం ఆ చిన్న ఇంజనే. ఫ్రాన్సులో ముందు చక్రం మీద ఇంజను పెట్టుకున్న సోలెక్స్ 1946 నుంచి 1988 దాకా నడిచింది. సుజుకీ కూడా 1952లో 36 సీసీ సైకిల్ ఇంజనుతోనే ఈ రంగంలోకి దిగింది. ఈ కంపెనీలను పూజించేవాళ్ళే వాటి తల్లిని గుమ్మంలోంచి గెంటేస్తున్నారు. నా కోపమంతా ఇక్కడే.

మన తెలుగువాళ్ళకు ఈ బండి పరాయిది అసలు కాదు. 1972లో కైనటిక్ లూనా, 1980లో టీవీఎస్ 50 వచ్చాయి. అంతకుముందే మన తిరుపతిలో మోపెడ్స్ ఇండియా సంస్థ ఫ్రెంచి మోటోబెకాన్ కంపెనీ సాంకేతికతతో సువేగా మోపెడ్లు తయారుచేసేది. పెడళ్ళున్న మోటారు బండి మీద పాల క్యాన్లు, గడ్డి మోపులు, బడి పిల్లలు, ఒక్కోసారి కుటుంబం మొత్తం ప్రయాణించిన ఊళ్ళు మనవి. ఆ ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళే అమెరికాలో ఈ బండిని చూసి ముక్కు చిట్లిస్తే ఏమనాలి?

ఇప్పుడు అసలు పని దగ్గరికి వస్తాను. పెట్టెలో వచ్చే చైనా ఇంజను కిట్ కొని, ఒక పూటలో బిగించేసి, వారంలో విరగ్గొట్టుకుని, "ఇవింతే" అని వదిలేసేవాళ్ళే ఈ పనికి చెడ్డపేరు తెస్తున్నారు. కిట్ పెట్టె మీద 80 సీసీ అని రాసి ఉంటుంది. సిలిండర్ బోరు 47 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణం 38 మిల్లీమీటర్లు. లెక్క కట్టి చూడండి, 66 సీసీయే వస్తుంది. మొదటి పాఠం అదే: రాసింది నమ్మకు, కొలిచి చూడు.

లోపలి గేర్ల నిష్పత్తి, ముందు 10 పళ్ళు, వెనక 44 పళ్ళ చక్రం కలిపితే వెనక చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజను సుమారు 18 సార్లు తిరగాలి. 26 అంగుళాల చక్రంతో గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఇంజను నిమిషానికి దాదాపు 5,800 చుట్లు తిరుగుతుంది. అంటే ప్రతి సెకనూ ఈ ఫ్రేముకు 97 కుదుపులు. ఈ ఒక్క లెక్క మనసులో పెట్టుకుంటే మిగతా కష్టాలన్నీ అర్థమవుతాయి. ఇంజనును ఫ్రేముకు పట్టి ఉంచే కిట్ స్టడ్లు మెత్తటి ఇనుము, ఆ కుదుపులకు తెగుతాయి. వాటిని తీసేసి గట్టి గ్రేడు బోల్టులు వేసుకోవాలి, నట్టు వదులవకుండా జిగురు పూయాలి. క్రూయిజర్ ముందు గొట్టం కిట్ ఊహించినదానికన్నా లావుగా ఉంటుంది. చాలామంది ఆ గొట్టానికే బెజ్జం వేసి బోల్టు దూరుస్తారు. దయచేసి ఆ పని చేయకండి. బెజ్జం దగ్గర మొదలైన పగులు చుట్టూ పాకి, ఒకనాడు ఫ్రేము రెండు ముక్కలవుతుంది. గొట్టాన్ని చుట్టి పట్టే క్లాంపు చేయించుకోవాలి. మా వీధి చివర లేతు మీద జీవితమంతా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన నాకు అలాంటి క్లాంపు చేసిచ్చి, డబ్బివ్వబోతే తీసుకోలేదు. "ఈ రోజుల్లో ఇలాంటి పని అడిగేవాళ్ళే లేరు" అన్నాడు.

వెనక పళ్ళచక్రం ఇంకో గండం. కిట్‌లో దాన్ని రెండు రబ్బరు బిళ్ళల మధ్య స్పోకులకు తొమ్మిది బోల్టులతో బిగించమంటారు. స్పోకు పుట్టింది రిమ్మును లాగి పట్టడానికి, ఇంజను బలాన్ని నడుమ మోయడానికి కాదు. హబ్బును నేరుగా పట్టే బిళ్ళ దొరుకుతుంది, అది వేసుకుంటే చక్రం బతుకుతుంది. చైను బిగువు కోసం ఇచ్చే చిన్న రోలర్ కాస్త పక్కకు జరిగినా స్పోకుల్లోకి దూరి వెనక చక్రాన్ని ఒక్కసారిగా పట్టేస్తుంది. ముందు చైను దారి తిన్నగా ఉందో లేదో దారం పట్టి చూడాలి, ఆ తరవాతే రోలర్. వీలైతే అర లంకె వేసి అసలు రోలరే లేకుండా చేసుకోవడం మేలు. వేగం రెండింతలైతే ఆపడానికి నాలుగింతల శ్రమ. వెనక్కి తొక్కే బ్రేకు ఒక్కటే నమ్ముకుని 40లో పోవడం ఆత్మహత్య. ముందు చక్రానికి మంచి బ్రేకు లేకుండా నేను ఏ ఇంజనూ స్టార్ట్ చేయను.

ఆ తరవాత రోజువారీ సేవ. పెట్రోల్లో టూ స్ట్రోక్ ఆయిల్ సరైన పాళ్ళలో కలపాలి, కొత్త ఇంజనుకు కొంచెం ఎక్కువ. ప్లగ్గు విప్పి రంగు చూడాలి. కాఫీ గింజ రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు, నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. తెల్లగా ఉంటే మాత్రం వెంటనే ఆపాలి. ఎక్కడో గాలి దూరుతోంది, ఇంజను కాగిపోతోంది, ఇంకాస్త నడిపితే పిస్టన్ పట్టేస్తుంది. సిలిండర్ హెడ్ నాలుగు నట్లను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. బయల్దేరేముందు ఒక్కో స్పోకును వేలితో మీటి చూడాలి. బిగువుగా ఉన్నది ఖణేలుమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. ఇందులో ఏ ఒక్కటీ కంప్యూటర్ చెప్పదు. చెవి, వేలు, ముక్కు చెప్పాలి. మోటారు వాహనం ఎలా పనిచేస్తుందో మూత తీయకుండానే పదిహేనేళ్ళ పిల్లకు కూడా కళ్ళెదుట చూపించగల యంత్రం నాకు ఇంకొకటి తెలియదు. గాలి ఎక్కడ లోపలికి వస్తోంది, నిప్పురవ్వ ఎక్కడ పుడుతోంది, బలం ఏ దారిన చక్రానికి చేరుతోంది, అన్నీ బయటే ఉన్నాయి.

పొగ, శబ్దం అన్న ఫిర్యాదులో నిజముంది. నేను కాదనను. టూ స్ట్రోక్ ఇంజను కాలని ఆయిలును గాలిలోకి వదులుతుంది. సైలెన్సర్ విప్పేసి తెల్లవారుజామున వీధిని లేపేవాళ్ళను నేనూ క్షమించను. కానీ దానికి విరుగుడుంది. 49 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు ఇదే ఫ్రేములో కూర్చుంటాయి, మెల్లగా మాట్లాడతాయి, ఆయిల్ కలపనక్కర్లేదు. తప్పు చేసినవాడి బండిని చూసి ఆ జాతి బండ్లన్నిటినీ అసహ్యించుకోవడం న్యాయం కాదు.

చట్టం చూపించే తేడా కూడా గుచ్చుతుంది. కాలిఫోర్నియాలో ఎలక్ట్రిక్ సైకిల్ మోటారు 750 వాట్ల దాకా ఉండవచ్చు, మూడో తరగతి సైకిల్ గంటకు 28 మైళ్ళ దాకా తోడు తోస్తుంది. దానికి లైసెన్సు వద్దు, నంబరు ప్లేటు వద్దు. మా బండి చదును నేల మీద గంటకు 30 మైళ్ళు దాటకూడదు, నాలుగు గుర్రాల బలం లోపే ఉండాలి, అయినా మోటార్‌సైకిల్ తరగతి లైసెన్సూ ప్లేటూ కావాలి. లైసెన్సు అడగడం తప్పనను. నేను తీసుకున్నాను, అందరూ తీసుకోవాలనే అంటాను. కానీ రెండు మైళ్ళ తేడాకు ఒకరికి ప్రోత్సాహం, ఇంకొకరికి అనుమానపు చూపా? మన దేశంలో 25 సీసీ దాటని ఇంజనున్న, నాలుగు చక్రాలకన్నా తక్కువ ఉన్న బండిని మోటారు వాహనాల చట్టం మోటారు వాహనంగానే లెక్కించదు. అక్కడ బిగించుకోవాలనుకునేవాళ్ళు ఈ 66 సీసీ కిట్ జోలికి పోతే రిజిస్ట్రేషన్ చిక్కులు తప్పవని తెలుసుకోవాలి.

రాత్రి షిఫ్టు అయ్యాక బస్సు దొరకని ప్యాకింగ్ షెడ్డు కూలీలు ఈ బండ్ల మీద ఇళ్ళకు పోతుంటారు. కారు కొనే స్తోమత వాళ్ళకు లేదు, కొత్త ఎలక్ట్రిక్ సైకిలూ వాళ్ళకు దూరమే. పాత ఫ్రేము, చిన్న ఇంజను, సొంత చేతుల కష్టం కలిస్తే వాళ్ళకు దారి దొరికింది. లీటరు పెట్రోలుకు నలభై కిలోమీటర్లకు తగ్గకుండా వస్తుంది. ఏదైనా చెడితే రోడ్డు పక్కనే కూర్చుని బాగుచేసుకోగలరు. అంత నైపుణ్యం ఉన్నవాళ్ళను చూసి దొంగబండి అనుమానంతో ఆపే పోలీసులను, హేళనగా హారన్ కొట్టే కార్లను నేను కళ్ళారా చూశాను.

సైకిల్ షాపువాళ్ళకు నా విన్నపం చిన్నది. ఇంజను ముట్టుకోవద్దు, మీకు రాని పని చేయమని అడగం. చక్రం మేమే ఊడదీసి చేతికిస్తాం, బెండు తీసి ఇవ్వండి, చాలు. ఆ చక్రం మీద ఒక మనిషి ప్రాణం ఉంది. హైస్కూళ్ళ వర్క్‌షాపుల్లో ఒక్క బల్ల మీద ఒక పాత క్రూయిజర్, ఒక ఇంజను పెట్టండి. రోబోటిక్స్ పోటీలకు పిల్లల్ని ఎంతో శ్రద్ధగా పంపే మన తెలుగు తల్లిదండ్రులు ఇంట్లో మూల పడున్న సైకిల్ పారేసేముందు ఒక్కసారి పిల్లల్ని అడగండి, బోల్టు విప్పడం వాళ్ళకు ఇష్టమేమో.

ఎవరైనా పాత ఫ్రేము కొనడానికి వెళితే, డబ్బిచ్చేముందు చక్రాలు తీసి, హ్యాండిల్ కింద గొట్టాలు కలిసేచోటా, పెడళ్ళ ఇరుసు దగ్గర అతుకుల చుట్టూ వేలితో తడమండి. రంగు పగిలి సన్నటి తుప్పు గీత కనిపిస్తే ఎంత చవకైనా వద్దు. గీత లేకపోతే బేరమాడకుండా తెచ్చుకోండి. అలాంటి ఫ్రేము మళ్ళీ మళ్ళీ దొరకదు.