మెక్సికోలో అద్దె ఇల్లు: డాలరుకు ఒక తలుపు, పెసోకు మరొకటి

2025 జులై 4న మెక్సికో రాజధాని వీధుల్లోకి వచ్చిన నిరసనకారుల కోపమంతా విదేశీయుల మీదే. కొండేసా, రోమా ప్రాంతాల్లో అమెరికన్లు దిగి అద్దెలు పెంచేశారని, పుట్టి పెరిగిన పేటల్లో తామే ఉండలేకపోతున్నామని వారి ఆరోపణ. కొందరు దుకాణాల అద్దాలూ పగలగొట్టారు. అధ్యక్షురాలు క్లాడియా షేన్‌బామ్ విదేశీ ద్వేషాన్ని ఖండిస్తూనే అద్దెల సమస్య నిజమేనని ఒప్పుకున్నారు. ఒప్పుకోక తప్పదు కూడా. లాప్‌టాప్‌తో ఎక్కడినుంచైనా పనిచేసే విదేశీయులను రప్పించేందుకు 2022 అక్టోబరులో ఎయిర్‌బీఎన్‌బీ, యునెస్కోలతో ఒప్పందం చేసుకున్నది అప్పట్లో రాజధాని మేయరుగా ఉన్న ఆమే.

అయితే అలా వచ్చినవారికి ఇల్లు దొరికే తీరును గమనిస్తే, నిరసనల్లో పెద్దగా వినిపించని కారణం ఒకటి కనిపిస్తుంది. అది పూచీ. మెక్సికోలో మామూలు పద్ధతిలో ఇల్లు అద్దెకు తీసుకోవాలంటే నెల అద్దె అడ్వాన్సు, ఆదాయ రుజువులు ఇస్తే చాలదు. ‘అవాల్’ అనే హామీదారును చూపాలి. ఆ హామీదారుకు సాధారణంగా అదే నగరంలోనో రాష్ట్రంలోనో సొంత ఇల్లుండాలి, దానిమీద తాకట్టు ఉండకూడదు. అద్దె ఎగ్గొడితే ఆ ఆస్తి మీదికి వస్తారు. ఇంత సాహసం తోడబుట్టినవాళ్లో మేనమామో చేయాల్సిందే తప్ప, నిన్న పరిచయమైనవాళ్లు చేయరు.

నిన్ననే విమానం దిగిన మనిషికి మేనమామ ఎక్కడ దొరుకుతాడు? అందుకే విదేశీయులకు వేరే సంత తయారైంది. మంచాలు, ఫ్రిజ్జు, గిన్నెలతో సహా సిద్ధంగా ఉన్న ఇళ్లను నెలల లెక్కన ఇస్తారు. హామీదారుతో పని లేదు, డబ్బు ముందే కడితే చాలు. స్థానికులకిచ్చే ఇళ్లలో పొయ్యి కూడా ఉండకపోవచ్చు. ఒకే వీధిలో, ఒకే తరహా ఇంటికి రెండు ధరలు పలకడానికి మూలం ఇక్కడుంది. పూచీ చూపలేనివాడు దాని విలువను అద్దెలో కలిపి చెల్లిస్తున్నాడు. ఆ అదనపు సొమ్ము రుచి తెలిసిన యజమాని, స్థానికుడు ఖాళీ చేయగానే నాలుగు కుర్చీలు వేసి ఇంటిని రెండో సంతలోకి మారుస్తున్నాడు.

ఇది రాజధానికే పరిమితం కాదు. గ్వానహువాతో రాష్ట్రంలోని శాన్ మిగెల్ డి అయెండేకు రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా మాజీ సైనికులు తమ ప్రభుత్వ చదువుల భత్యంతో చిత్రకళ నేర్చుకోవడానికి వచ్చారు. వారి వెనుకే కళాకారులు, పింఛనుదారులు చేరారు. 2008లో యునెస్కో గుర్తింపు రావడంతో పాత పట్టణం ధర ఇంకా పెరిగింది. అక్కడ అద్దెలను డాలర్లలో చెప్పడం మామూలే. ఉత్తరాది చలి తప్పించుకోవడానికి జనం దిగే శీతాకాలంలో రేటు ఒకలా, వేసవిలో మరోలా ఉంటుంది. ఏడాదంతా ఉందామనుకునే విదేశీయుడికీ ఇది తలనొప్పే. చట్టం ప్రకారం మెక్సికోలో డాలర్ల బాకీని ఆనాటి మారకపు రేటుతో పెసోల్లో తీర్చవచ్చు. కానీ ధర కట్టిందే డాలర్లలో అయినప్పుడు ఆ వెసులుబాటు వల్ల ఒరిగేదేముంది?

యజమానుల భయాన్నీ కొట్టిపారేయలేం. అద్దె కట్టనివారిని కోర్టు ద్వారా ఖాళీ చేయించడం ఏళ్లు పట్టే పని అన్న అభిప్రాయం అక్కడ బలంగా ఉంది. దానికి చరిత్ర కూడా తోడైంది. 1942లో యుద్ధకాలపు చర్యగా రాజధానిలో స్తంభింపజేసిన అద్దెలు 1990ల ఆరంభం దాకా అనేక పాత భవనాల్లో అలాగే ఉండిపోయాయి. పైసా రాని ఇళ్లకు యజమానులు మరమ్మతులు మానేశారు. ఇప్పుడు హామీదారుకు బదులుగా ‘పోలిసా హురీదికా’ అనే పద్ధతి వ్యాపించింది. ఒక న్యాయ సేవల సంస్థ అద్దెదారు పుట్టుపూర్వోత్తరాలు విచారించి, రుసుము తీసుకుని, గొడవ వస్తే కేసు నడుపుతుంది. ఆ విచారణలో మెక్సికోలో రుణ చరిత్ర లేనివారు నిలబడటం మళ్లీ కష్టమే.

ఈ రెండు సంతల మధ్య ఇరుక్కునేది జీతం పెసోల్లో తీసుకునే విదేశీయుడు. టీసీఎస్, హెచ్‌సీఎల్ వంటి భారతీయ సంస్థల కార్యాలయాలున్న గ్వాడలహారాకు హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో బదిలీపై వెళ్లే ఇంజినీరు సరిగ్గా ఈ కోవలోకే వస్తాడు. డాలరు ఇంటికి జీతం చాలదు, పెసో ఇంటికి పూచీ లేదు. కంపెనీ లేఖతోనో, కంపెనీ పేరిట రాసుకున్న ఒప్పందంతోనో ఇల్లు దొరికినా, ఉద్యోగం మారితే ఇల్లూ మారాల్సి రావచ్చు. మనవైపు ఇంటి ఓనరు కులం, కూర అడిగి తలుపు వేస్తాడు. అక్కడ అడిగేది ఆస్తి పత్రం, అంతే తేడా.

రాజధాని చట్టసభ 2024లో, అద్దె పెంపు అంతకుముందు ఏడాది ద్రవ్యోల్బణాన్ని మించరాదని చట్టం చేసింది. ఎయిర్‌బీఎన్‌బీ తరహా ఇళ్లను ఏడాదిలో సగం రాత్రులకు మించి ఇవ్వకూడదనీ నిర్ణయించింది. మొదటిది పాత కిరాయిదారుకు రక్ష. కొత్తగా తలుపు తట్టేవాడిని హామీదారు ఎవరని అడిగే అలవాటును అది తాకదు. పైగా అద్దె ఒప్పందాల చట్టం మెక్సికోలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. రాజధానిలో పెట్టిన పరిమితి గ్వానహువాతోలో చెల్లదు. శాన్ మిగెల్‌లో ఈ శీతాకాలపు అద్దె ఎంతో చెప్పేది ఇప్పటికీ ఇంటి యజమానే, చెప్పేది డాలర్లలోనే.