బోర్డు తిప్పేస్తే బతుకు రాతలూ గల్లంతేనా?

సామాజిక మాధ్యమం ‘కూ’ యాప్‌ను మూసేస్తున్నట్టు 2024 జులై 3న దాని వ్యవస్థాపకులు ప్రకటించారు. భారతీయ భాషల వాళ్లకు సొంత వేదిక అంటూ 2020లో పుట్టిన యాప్ అది. ఆత్మనిర్భర్ భారత్ యాప్ పోటీలో బహుమతి అందుకుంది. ప్రధాని ‘మన్ కీ బాత్’లో దాని పేరు చెప్పి మెచ్చుకున్నారు. కేంద్ర మంత్రులు అక్కడ ఖాతాలు తెరిచి, తమను అక్కడే కలవండని జనాన్ని పిలిచారు. తెలుగులో రాసుకోవచ్చన్న ఆశతో మనవాళ్లూ వెళ్లారు. విలీనం చర్చలు ఫలించలేదు, నడిపే ఖర్చు తలకు మించింది, యాజమాన్యం చేతులెత్తేసింది. వ్యాపారం అన్నాక మూతపడటం నేరం కాదు. కానీ మూసే ముందు ఎవరి రాతలు వాళ్లకు, ఎవరి ఫొటోలు వాళ్లకు అప్పగించి తీరాలన్న నిబంధన ఈ దేశంలో ఏ చట్టంలోనూ లేదు. అది క్షమించరానిది. ఆ లోపం పొరపాటున జరిగింది కూడా కాదు. చట్టం ముసాయిదాలో ఉన్న హక్కును తెలిసి తెలిసి తీసేశారు. ఆ సంగతికి వచ్చే ముందు ఇప్పటిదాకా పోయిందేమిటో చూడాలి.

గూగుల్ వారి సామాజిక మాధ్యమం ఆర్కుట్ 2004 జనవరిలో మొదలైంది. బ్రెజిల్ తర్వాత దాన్ని ఎక్కువగా వాడింది భారతీయులే. ఇంజినీరింగ్ కాలేజీల హాస్టళ్ల నుంచి అమెరికా చదువులకు వెళ్లిన తెలుగు కుర్రకారు తొలి పలకరింపులన్నీ ఆ స్క్రాప్‌బుక్కుల్లోనే ఉండేవి. స్నేహితులు ఒకరి గురించి ఒకరు రాసుకున్న టెస్టిమోనియల్స్ ఉండేవి. కొందరి విషయంలో ఆ రాసిన స్నేహితుడు ఇప్పుడు లేడు. 2014 జూన్ 30న మూసివేత ప్రకటన వచ్చింది, సెప్టెంబరు 30న తాళం పడింది. ఫొటోలు దించుకోవడానికి ఇంకో రెండేళ్లు గడువిచ్చారు. అయితే ఆ గడువు సంగతి ఎందరికి చేరింది? అప్పటికే జనం ఫేస్‌బుక్‌కు మారిపోయారు, పాత ఈమెయిళ్లు తెరవడం మానేశారు.

యాహూ గ్రూపుల కథ ఇంకా బాధాకరం. ఇవాళ తెలుగు సాహిత్య చర్చ ఇంటర్నెట్లో ఇంత విరివిగా సాగుతోందంటే ‘రచ్చబండ’ లాంటి యాహూ గ్రూపుల్లో పడిన పునాదులూ ఒక కారణం. కంప్యూటర్ తెర మీద తెలుగు లిపి సరిగా కనిపించని రోజుల్లో, దేశదేశాల్లో ఉన్నవాళ్లు ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు టైపు చేసుకుంటూ ఛందస్సు గురించి, కథల గురించి, మాటల పుట్టుక గురించి రాత్రులు మేలుకొని వాదించుకున్నారు. 2019 అక్టోబరులో యాహూ యజమాని వెరిజాన్ ఒక ప్రకటన చేసింది. డిసెంబరు మధ్య నుంచి పాత సందేశాలు, ఫైళ్లు, ఫొటోలు తుడిచేస్తామని దాని సారాంశం. రెండు దశాబ్దాల రాతలకు రెండు నెలల గడువు! గొడవ పెద్దదయ్యాక దించుకునే గడువును జనవరి నెలాఖరు దాకా పెంచారు. ఆ గ్రూపులను కాపీ చేసి కాపాడాలని ‘ఆర్కైవ్ టీమ్’ వలంటీర్లు రేయింబవళ్లు పనిచేస్తుంటే, వారి ఖాతాలను వెరిజాన్ అడ్డుకుంది. తాను దాచి పెట్టదు, దాచేవాళ్లను దాచనివ్వదు. 2020 డిసెంబరు 15న మిగిలిన సర్వీసూ ఆగిపోయింది.

పాటలు పంచుకునే వేదిక మైస్పేస్ అయితే మూతపడను కూడా లేదు. 2003 నుంచి 2015 దాకా జనం ఎక్కించిన పాటలు సర్వర్ల మార్పిడిలో పోయాయని 2019లో ఒప్పుకుని ఊరుకుంది.

కంపెనీలు మూసేవి ఒక రకమైతే ప్రభుత్వం మూయించేవి మరో రకం. 2020 జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించింది. వాటిలో టిక్‌టాక్ ఒకటి. పల్లెల్లో పొలం గట్ల మీద నిలబడి వీడియోలు చేసి మొదటిసారి పది మందికి తెలిసిన తెలుగు ఆడపిల్లలకు, కూలీలకు, హిజ్రాలకు ఆ వేదిక ఒక్క రోజులో చేజారింది. 2023 మేలో మరో 14 మెసేజింగ్ యాప్‌లను ఆపేశారు. ఆ జాబితాలో ఐఎంఓ ఉంది. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ముఖం కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల తల్లుల్లో కొందరికి కనిపించింది ఆ యాప్‌లోనే. దేశ భద్రత కోసం నిషేధం అవసరమా కాదా అన్నది వేరే చర్చ. నిషేధించే ముందు సామాన్యుడు తన వీడియోలు, తన మాటలు వెనక్కి తీసుకోవడానికి పద్ధతి ప్రకారం ఒక గడువు ఉండాలన్న ఆలోచన ఆ ఉత్తర్వులు రాసినవారికి ఎందుకు రాలేదన్నదే మా ప్రశ్న. అద్దె ఇల్లు ఖాళీ చేయించే ఓనరు కూడా సామాన్లు సర్దుకోనిస్తాడు.

ఇక చట్టం సంగతి. జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన ముసాయిదాలో పౌరుడికి ఒక హక్కు రాసి ఉంది. తన సమాచారాన్ని కంప్యూటర్ చదవగలిగే రూపంలో పూర్తిగా తీసుకోవచ్చు, కావాలంటే మరో కంపెనీకి మళ్లించుకోవచ్చు. 2019లో పార్లమెంటు ముందుకొచ్చిన బిల్లులోనూ అది ఉంది. 2022 ఆగస్టులో ఆ బిల్లును కేంద్రం ఉపసంహరించుకుంది. ఆ తర్వాత వచ్చిన ముసాయిదాలో ఆ హక్కు కనిపించలేదు. 2023లో ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోనూ లేదు. 11వ సెక్షన్ ప్రకారం మన సమాచారం గురించి కంపెనీ ఇవ్వాల్సింది ‘సారాంశం’ మాత్రమే. పదేళ్ల ఉత్తరాలకు, పెళ్లి ఫొటోలకు, చనిపోయిన తండ్రి గొంతుకు సారాంశం ఏముంటుంది? చెరిపించుకునే హక్కు 12వ సెక్షన్‌లో ఇచ్చారు. తీసుకెళ్లే హక్కు మాత్రం ఎక్కడా ఇవ్వలేదు.

2025 నవంబరులో నోటిఫై చేసిన నిబంధనలు ఇంకో అడుగు ముందుకెళ్లాయి. రెండు కోట్లకు పైగా వినియోగదారులున్న సామాజిక మాధ్యమాలు, ఈ-కామర్స్ సంస్థల విషయంలో, మనిషి మూడేళ్లు అటువైపు రాకపోతే అతని సమాచారాన్ని తొలగించాలి. తొలగించే ముందు కనీసం 48 గంటల వ్యవధితో తెలియజేయాలి. అక్కర్లేని సమాచారాన్ని కంపెనీలు పోగేసుకోకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ రెండు రోజులు ఏం సరిపోతాయి? మూడేళ్లుగా చూడని ఈమెయిల్‌కో, ఎప్పుడో రీచార్జి ఆగిపోయి మరొకరి చేతికి వెళ్లిన ఫోన్ నంబరుకో ఆ నోటీసు వస్తే ఎవరు చదువుతారు? మన దేశంలో ఆపేసిన నంబరును కనీసం 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఓటీపీ ఆ కొత్త మనిషికి పోతుంది. రీచార్జి డబ్బుల్లేక నంబరు పోగొట్టుకున్న పేదవాడికి ఖాతా తలుపు అక్కడితో మూసుకుపోతుంది.

ఎవరి సమాచారం వాళ్లకు తిరిగి ఇవ్వడం సాధ్యం కాని పని అని కంపెనీలు అనలేవు. యూరప్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ 20వ అధికరణం ఆ హక్కును ఇచ్చింది. అదే ఏడాది గూగుల్, ఫేస్‌బుక్, మైక్రోసాఫ్ట్, ట్విటర్ కలిసి ఒకచోటి నుంచి మరోచోటికి సమాచారం మళ్లించే ఉమ్మడి ప్రాజెక్టు మొదలుపెట్టాయి. మన దేశంలోనూ ఇలాంటిది ఒకసారి జరిగింది. నంబరు మారకుండా కంపెనీ మారడం సాంకేతికంగా కష్టమని టెలికాం సంస్థలు ఏళ్ల తరబడి సాగదీశాయి. ప్రభుత్వం గట్టిగా నిలబడ్డాక 2011 జనవరి 20 నుంచి దేశమంతా అది మామూలు విషయమైపోయింది. బ్యాంకు దివాలా తీస్తే డిపాజిటర్‌కు ఐదు లక్షల దాకా బీమా ఉంది. డబ్బుకు ఉన్న పూచీ జ్ఞాపకానికి లేకపోయింది. ‘ఉచితంగా వాడుకున్నారు కదా’ అనే వాదన నిలవదు. పదేళ్లపాటు ఆ ఫొటోల పక్కన, ఆ మాటల మధ్య ప్రకటనలు అమ్ముకునే ఆ కంపెనీలు బతికాయి.

పోనీ, కొన్ని కంపెనీలు తమంతట తామే ఇస్తున్న ‘డౌన్‌లోడ్’ ఏ తీరుగా ఉందో చూడండి. గూగుల్ టేకౌట్ అడిగితే ఫైళ్లు మామూలుగా 2 జీబీ ముక్కలుగా వస్తాయి. ఆ లింకు వారం రోజులే పనిచేస్తుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్‌తో ఫోన్ మీద బతికే ఇంట్లో ఒక్క ముక్క దిగేలోపే ఆ పూట డేటా అయిపోతుంది. దిగినా, ఫొటోకు మనం రాసుకున్న వివరణ, తేదీ విడిగా జేసన్ అనే మరో రకం డేటా ఫైల్లో కూర్చుని ఉంటాయి. ఫేస్‌బుక్ పరిస్థితి మరీ దారుణం. జేసన్ రూపం ఎంచుకుంటే తెలుగు తెలుగుగా రాదు. ఫైల్లో ఒక్కో తెలుగు అక్షరం మూడు బైట్లుగా ఉంటుంది, ఫేస్‌బుక్ వాటిని మూడు వేరువేరు గుర్తులుగా విడగొట్టి రాసేస్తుంది. ‘అమ్మ’ అని రాసుకున్న చోట అ, మ, పొల్లు, మ కలిపి పన్నెండు కోడ్ ముక్కలు వరసగా పడి ఉంటాయి. ఎవరైనా ప్రోగ్రామర్ కూర్చుని సరిచేస్తే తప్ప అవి చదివే పరిస్థితి ఉండదు. ఇంగ్లిషులో రాసుకున్నవాడి ఫైలుకు ఈ బాధ లేదు. ఏళ్లుగా జనం మొత్తుకుంటున్న లోపమిది. కోట్ల మంది తెలుగువాళ్లు వాడే వేదిక వాళ్ల భాషను ముక్కలు చేసి చేతిలో పెట్టి, ఇదిగో నీ సమాచారం అంటే ఒప్పుకోవాలా?

చట్టం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం. ఫేస్‌బుక్ నుంచి తీసేటప్పుడు హెచ్‌టీఎమ్‌ఎల్ రూపం ఎంచుకుంటే తెలుగు చెక్కుచెదరదు. వాట్సాప్‌లో ముఖ్యమైన మనుషుల చాట్‌ను ఒక్కొక్కటిగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. ఫోన్ పుస్తకాన్ని వీసీఎఫ్ ఫైలుగా దాచాలి. ఇంత చేసినా, దించినవి ‘కొత్త ఫోల్డర్’ పేరుతో పడేస్తే పోగొట్టుకున్నట్టే. ఏడాది, నెల, తేదీ, ఊరు, సందర్భం ఈ వరసలో పేరు పెడితే (2019-05-12-అన్నవరం-చెల్లి-పెళ్లి అన్నట్టు) ఏ కంప్యూటరైనా వాటిని కాలక్రమంలో తానే సర్దుతుంది. ప్రతి ఫోల్డర్‌లో ఒక మామూలు టెక్స్ట్ ఫైలు పెట్టి, ఫొటోలో ఎడమ నుంచి కుడికి ఎవరెవరున్నారో రాయాలి. ఈ పని పెద్దవాళ్లు బతికుండగానే చేయాలి. ఆ మేనమామ పేరు, ఆ పక్కింటి పిన్నిగారి పేరు చెప్పగలిగేది వాళ్లే. అన్నింటినీ మూడు చోట్ల ఉంచాలి. ఒకటి ఇంట్లో కంప్యూటర్‌లో, ఒకటి హార్డ్ డిస్క్‌లో, ఒకటి వేరే ఊళ్లో అక్క ఇంట్లోనో తమ్ముడి ఇంట్లోనో. పెన్‌డ్రైవ్‌ను ఏళ్ల తరబడి నమ్మొద్దు. రెండేళ్లు వాడని ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి మొదలుపెట్టింది కాబట్టి, చనిపోయిన వారి ఖాతాలు, విదేశాల్లో ఉన్నవాళ్లు మరిచిపోయిన ఖాతాలు ఉంటే వాటిలోవి దించుకోవడానికి ఆలస్యం చేయొద్దు. మన తర్వాత ఖాతా ఎవరికి చెందాలో చెప్పే ఏర్పాటు గూగుల్, ఆపిల్, ఫేస్‌బుక్‌లలో ఉంది, బ్యాంకు నామినీలాగే దాన్నీ పూర్తి చేసి పెట్టుకోవాలి.

కాపీ చేయడం వల్ల ఏం మిగులుతుందో తెలుగు పాఠకులకు ఒక సాక్ష్యం ఉంది. ప్రభుత్వ డబ్బుతో, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి సంస్థల శ్రమతో వేలకొద్దీ పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి పెట్టిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్ కొన్నేళ్ల కిందట ఆగిపోయింది. ఆ పుస్తకాలు ఇవాళ దొరుకుతున్నాయంటే అవి అప్పటికే ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరి ఉండటం వల్లనే. సర్కారు సొమ్ముతో కట్టినదానికే ఆ గతి పడితే మామూలు మనిషి ఫొటో ఆల్బమ్ గతి ఎవరు పట్టించుకుంటారు?

అయితే ఈ బరువంతా ఇంటింటి మీద మోపి ప్రభుత్వం తప్పుకుంటానంటే కుదరదు. హార్డ్ డిస్క్ కొనగలిగినవాడికే జ్ఞాపకాలు మిగిలి, కొనలేనివాడికి పోవడం అన్యాయం. నిబంధనలు పూర్తిగా అమల్లోకి రావడానికి 18 నెలల గడువు పెట్టుకున్నారు. ఆ లోపు చట్టాన్ని సవరించడానికి అడ్డేమీ లేదు. 2019 బిల్లులోని ఆ హక్కును తిరిగి చేర్చాలి. ఏ సర్వీసైనా మూసేముందు కనీసం ఏడాది నోటీసు ఉండాలి, అది వినియోగదారుడి భాషలో, ఎస్సెమ్మెస్‌లో కూడా రావాలి. తిరిగి ఇచ్చే ఫైలు సాధారణ ఫోన్‌లో తెరుచుకోవాలి, తెలుగు తెలుగుగా ఉండాలి. ప్రభుత్వమే నిషేధించినప్పుడు కూడా ఇవే షరతులు వర్తించాలి. తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభకు వెళ్లిన 42 మందిలో ఒక్కరైనా 11వ సెక్షన్‌లోని ‘సారాంశం’ అన్న మాట గురించి సభలో నిలదీయాలి.

రాష్ట్రాలూ జవాబు చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ ద్వారా పౌరసేవలు మొదలుపెట్టింది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పించే మంచి పని అది. కానీ పౌరుడు పెట్టిన ఫిర్యాదు, దానికి వచ్చిన రసీదు, జరిగిన సంభాషణ అన్నీ ఒక ప్రైవేటు కంపెనీ యాప్‌లో ఉన్నాయి. ఆ కంపెనీ రేపు షరతులు మార్చినా, సర్వీసు ఆపినా ఆ రికార్డు పౌరుడి చేతికి ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో వస్తుందో ఒప్పందంలో రాసుకున్నారా? రాసుకుంటే ఆ పేజీని ప్రజల ముందు పెట్టాలి. రాసుకోకపోతే ఇప్పుడే రాయించాలి.