మోటారు సైకిలు దీపములు, మరమ్మతు దుకాణములు

మన కొండలలో మోటారు సైకిలు విలాసవస్తువు కాదు. కాఫీ, మిరియము, రాజ్మా బస్తాలు సంతకు జేరుటయు, జ్వరపీడితులు ఆసుపత్రికి జేరుటయు పెక్కు గూడెములందు దానిమీదనే జరుగుచున్నవి. అట్టి బండికి రాత్రివేళ అనంతగిరి ఘాటు మలుపులో దీపమారినచో కలుగు అపాయమును రైతుసోదరులకు వేరుగ జెప్పనక్కరలేదు. ఒక ప్రక్క కొండ, ఒక ప్రక్క లోయ, నడుమ మంచు.

బ్యాటరీ చచ్చినను కిక్కు గొట్టి నడుపుకొందుమను మాట ఇప్పుడంతగా సాగదు. 2017 ఏప్రిలు నుండి క్రొత్త బండ్ల దీపము పగలు సైతము వెలుగుచునే యుండవలయునని నియమము. 2020 ఏప్రిలులో బి.ఎస్.-6 ప్రమాణము వచ్చిన పిమ్మట పెక్కు బండ్లలో కార్బురేటరు పోయి, విద్యుత్తుతో పెట్రోలు చిమ్ము సాధనము వచ్చినది. బండికి విద్యుత్తే ప్రాణమైనది.

దోషము తరచుగా బ్యాటరీలో నుండదు. వానకాలపు తేమకు వైర్ల కలయికలలో పచ్చని చిలుము పట్టును. రాళ్లబాట కుదుపులకు హ్యాండిలు మెడవద్ద తీగలు ఒరసికొని పైతొడుగు పోవును. గడ్డివాము ప్రక్కన నిలిపిన బండి తీగలను ఎలుకలు కొరుకును. ఇవి చూడకయే "బ్యాటరీ పోయినది, మార్చవలయు" ననువారు కలరు. అట్లు రెండు బ్యాటరీలు కొనిపించి, తుదకు చిలుము పట్టిన ఎర్తు తీగ నొకదానిని గీకుటతో బండి బాగుపడిన సంగతి మేమెరుగుదుము.

కావున దుకాణమును బోర్డు చూచి గాక, పని చూచి యెంచుకొనవలయును. మంచి మెకానిక్కు పానా పట్టకముందే మల్టీమీటరు పట్టును. పన్నెండు వోల్టుల బ్యాటరీ నిండుగా నున్న, ఇంజను ఆగియుండగా ఇంచుమించు 12.6 చూపును. ఇంజనునకు వేగమిచ్చినపుడు 13.5 మొదలు 14.5 వరకు పెరుగవలయును. పెరుగనిచో లోపము చార్జింగు కాయిలులోనో, రెగ్యులేటరులోనో, నడుమ తీగలలోనో యుండును. అప్పుడు క్రొత్త బ్యాటరీయు నాలుగు దినములలో నీరసించును. 15 దాటినచో రెగ్యులేటరు చెడి బ్యాటరీని ఉడికించుచున్నదన్నమాట. ఈ అంకెలు చూపుమని యడిగిన కసరుకొను దుకాణమునకు మరల పోనక్కరలేదు. తీసివేసిన పాత సామాను చేతికిచ్చువాడు, కొన్నదానికి బిల్లు వ్రాయువాడు రెండు రూపాయలెక్కువ పుచ్చుకొన్నను మేలే.

పోయిన ఫ్యూజు స్థానమున రాగితీగ చుట్టుట మాత్రము ఎవరు చేసినను ఒప్పుకొనరాదు. ఫ్యూజు తాను కాలి తీగలను గాచును. రాగితీగ తాను కాలక తీగలన్నిటిని గాల్చును, ఒక్కొక్కప్పుడు బండినే. ఆ బండికి వ్రాసియున్న ఆంపియరు ఫ్యూజులు రెండు సీటుక్రింద నుంచుకొనుట కెంత ఖర్చు? బ్యాటరీ విప్పునపుడు నెగెటివు తీగ ముందు, బిగించునపుడు పాజిటివు ముందు. ఇంతమాత్రము ఇంటి కుర్రవాడును నేర్వవచ్చును.

అయినను ప్రతి చిన్న లోపమునకు శృంగవరపుకోటకో విశాఖపట్టణమునకో దిగుట మనకు గిట్టదు. ఒక దినపు కూలి, పెట్రోలు, పైగా దీపములేని ప్రయాణము. ఎరువునకు, విత్తనమునకు కలిసికొను సభ్యులు దీనికేల కలియరాదు? కొన్ని వందల రూపాయలకు మీటరు దొరకును. ఐ.టి.ఐ.లో చదివి ఊరకున్న మన యువకుల నిద్దరను పిలిచి, సంతనాడు సంఘపు వసారాలో కూర్చుండబెట్టి, చూపుడుకూలి యింతయని నిర్ణయింపవచ్చును. నవంబరులో కాఫీకోతలు మొదలుకాకమునుపే కార్యవర్గము ఈ విషయమును చర్చకు దేవలయునని కోరుచున్నాము.