శబ్దం అద్భుతమట, చెవులే నొప్పట!

తెలుగు పండితుడికి హెడ్‌ఫోన్లతో ఏమి పని అని అడగబోయేవారికి ముందే ఒక మాట. ముప్ఫై ఏళ్లకు పైగా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల బడుల్లో శ, ష, స ల భేదం చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్నవాణ్ణి. పలికించడమే వృత్తిగా బతికినవాడికి, పలికినది ఎలా వినబడుతున్నదో చెప్పే అర్హత లేదంటే ఒప్పుకోను.

మన పాత బ్లాగు మిత్రులు కొందరు ఇప్పుడు కథలూ పద్యాలూ చదివి ధ్వనిముద్రణ చేసి పెడుతున్నారు. చాలా మంచి పని. చిక్కల్లా ఎక్కడంటే, "ఏ హెడ్‌ఫోన్లు కొనమంటారు?" అని ఎవరైనా అడగగానే వచ్చే జవాబులో ఉంది. "ఫలానాది కొనండి. స్టూడియోల్లో వాడేది. శబ్దం అద్భుతం. కాకపోతే చెవులు కాస్త నొప్పి పెడతాయి, అలవాటైపోతుంది." ఈ 'కాకపోతే' మీదనే నా తగవు. ఆ మాటకు ముందున్న వాక్యాన్ని తరువాతి వాక్యం రద్దు చేస్తున్నదని చెప్పేవారికి తోచడం లేదు. శబ్దనాణ్యత ఒకటి, చెవికి సుఖం మరొకటి అని రెండు లెక్కలు రాసుకుంటున్నారు. వెనుక మూసిన హెడ్‌ఫోన్ల విషయంలో ఆ రెండూ ఒకటే లెక్క.

(హెడ్‌ఫోనుకు తెలుగు మాట ఏదని మాత్రం అడగకండి. పారిభాషిక పదాల కోసం రాత్రింబవళ్లు వాదించుకున్న రోజులు మనకు గడిచిపోయాయి. పల్లెలో పిల్లవాడికి కూడా తెలిసిన మాట ఉన్నప్పుడు కర్ణపేయమైన సమాసాన్ని కల్పించే ఓపిక నాకిప్పుడు లేదు.)

స్టూడియోల్లో ఇవి రెండు జాతులు. చిప్ప వెనుక భాగం జల్లెడలాగా తెరిచి ఉండేవి కొన్ని, పూర్తిగా మూసి ఉండేవి కొన్ని. గాయకుడు మైకు ముందు నిలబడి, చెవిలో వాద్యసహకారం వింటూ పాడాలి. ఆ వాద్యధ్వని చిప్ప దాటి బయటికి వస్తే మైకు దాన్ని కూడా పట్టుకుంటుంది. కనుక మూసినవి కావలసివచ్చాయి. సోనీ వారి 7506 రకం 1991 నుంచి, ఆడియో టెక్నికా వారి ఎం50 రకం 2007 నుంచి ఈ పనికే పేరు మోశాయి. జర్మనీ దేశపు బేయర్‌డైనమిక్ వారి డి.టి. 770 కూడా ఈ కోవదే. అంటే ఇవి పనిముట్లు. కొడవలి వంటివి, పలుగు వంటివి. పనిముట్టుకు పిడి ముఖ్యమని కోతకు వెళ్లే ఏ కూలీని అడిగినా చెబుతాడు. కొడవలి పదును అద్భుతం, పిడి మాత్రం చేతిలో దిగబడుతుంది అంటే దాన్ని ఎవరైనా మంచి కొడవలి అంటారా?

మూయడం వల్ల ఒక ఇబ్బంది పుడుతుంది. లోపల కంపించే పలుచని పొర ముందుకు ఎంత శబ్దం పంపుతుందో వెనక్కి కూడా పంపుతుంది. తెరిచిన జాతిలో అది బయటికి పోతుంది. మూసినదానిలో దారి లేక చిప్పలోనే తిరిగి, ముందరి శబ్దంతో కలిసి దాన్ని చెడగొడుతుంది. దానిని దూదితోనో స్పంజితోనో అణచాలి. అణచడం చేతకానివాడు చేసిన హెడ్‌ఫోన్లలో వినడమంటే కుండలో తలపెట్టి పురాణం వినడమే.

అసలు సంగతి చెవి చుట్టూ ఉండే మెత్త దగ్గర ఉంది. మంద్రస్థాయి శబ్దం చెవి దాకా సరిగా రావాలంటే మెత్తకూ చర్మానికీ మధ్య గాలి చొరబడకూడదు. కళ్లద్దాల కాడ దూరిందనుకోండి, సన్నని సందు పడుతుంది. ఆ సందు చాలు, మద్దెల ఎడమ వైపు నాదం సగం జారిపోవడానికి. మన వయసువాళ్లలో కళ్లద్దాలు లేనివారెందరు? కమ్మలు, జూకాలు పెట్టుకున్న ఆడవాళ్ల మాటేమిటి? నొప్పి పుట్టినప్పుడు మనిషి చేసేదేమిటి? చిప్పను కాస్త వెనక్కో పైకో జరుపుకుంటాడు. జరపగానే సందు. సందు పడగానే శబ్దం మారుతుంది. మరి ఆ పరీక్షకులు కొనియాడిన అద్భుతశబ్దాన్ని విన్నదెవరు? కళ్లద్దాలు తీసి, పావుగంట సేపు పళ్లబిగువున కూర్చున్నవాడు! పావుగంటలో నేను శతకం సగం కూడా చదవను.

గట్టిగా బిగించి సందు లేకుండా చేయడం ఒక పద్ధతి. మెత్తను మంచిగా చేసి, తక్కువ బిగింపుతోనే సందు పూడ్చడం ఇంకొక పద్ధతి. మొదటిది చవక, అంతే.

ఇక మా ఎండల సంగతి. కృష్ణా తుంగభద్రల నడుమ మా నడిగడ్డలో వైశాఖంలో 40 డిగ్రీలు దాటడం వింత కాదు. ధ్వనిముద్రణ చేసేటప్పుడు రెక్కల చప్పుడు మైకులో పడుతుందని పంకా ఆపాలి. ఆ గదిలో తోలులాంటి ప్లాస్టిక్ మెత్తలు చెవులకు తగిలించుకొని అరగంట కూర్చోండి, తెలుస్తుంది. శ ష స హ లను మన వ్యాకరణం ఊష్మాలన్నది. ఊష్మాలు స్పష్టంగా విందామని పెట్టుకున్న నాకు చివరికి మిగిలేది ఊష్మమే! చెమటకు నాని ఆ తోలు కొన్నాళ్లకు పొలుసులు పొలుసులుగా ఊడుతుంది. మెత్తలు మార్చుకునే వీలుంటే సరే, లేనివాడు వస్తువునే పారేయాలి.

గద్వాల చీర చూడండి. ఒంటికి తగిలే చోట నూలు, కంటికి కనబడే అంచుకూ కొంగుకూ పట్టు. ఈ రెండింటినీ కలిపి నేయడం తేలిక కాదు, అయినా మా నేతగాళ్లు ఆ కష్టం పడ్డారు. ఏది ఒంటిదో ఏది కంటిదో వారికి తెలుసు. ఇప్పటి హెడ్‌ఫోన్ల వారిలో ఎక్కువమంది దీన్ని తలకిందులు చేశారు. బయట మెరిసే లోహం, లోపల చెవికి రెక్సిను. కొన్ని స్టూడియో రకాలకు గుడ్డ మెత్తలున్నాయి. మా వంటి చోట అవే మేలు. బయటి చప్పుడు కాస్త ఎక్కువ చొరబడితే చొరబడనీండి.

శబ్దం మాటకు వస్తాను. అంగట్లో 'మంచి శబ్దం' అంటే గుండె అదిరే మోత అని అర్థం స్థిరపడిపోయింది. కొన్ని పెట్టెలమీద 5 నుంచి 35,000 హెర్ట్జ్ దాకా అని అచ్చు వేస్తారు. మనిషి చెవి వినేది పసితనంలో కూడా 20 నుంచి 20,000 లోపే. అరవై దాటిన నా చెవికి పై కొస ఎప్పుడో మూసుకుపోయింది. నాకు కావలసింది ఆ నడుమ ఉన్నది. పాత టెలిఫోను 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసేది. అందుకే ఫోనులో 'సీత' అన్నారో 'గీత' అన్నారో తెలియక మళ్లీ అడిగేవాళ్లం. సకారపు ఈల అంతకు పైన ఉంటుంది కనుక. అక్షరం బతికేది అక్కడ. కింది స్థాయి మోతను పెంచితే అది పక్కన ఊరకే కూర్చోదు. తక్కువ పౌనఃపున్యపు పెద్ద శబ్దం తనకు పైనున్న చిన్న శబ్దాన్ని కప్పేస్తుంది. ఇది చెవి నిర్మాణంలోనే ఉన్న గుణం. పై కొస ఇప్పటికే బలహీనపడ్డ వృద్ధుడికి మోత పెంచి ఇవ్వడమంటే చత్వారం వచ్చినవాడికి దీపం తగ్గించడమే.

కప్పుబడేది అక్షరం ఒక్కటే కాదు. పన్నెండు మెట్ల కిన్నెర దర్శనం మొగులయ్య గారిది మా నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలం. 2021లో 'భీమ్లా నాయక్' పాట మొదట్లో ఆయన గొంతు వినబడి, 2022లో పద్మశ్రీ వచ్చాక గాని కిన్నెర అనే వాద్యం ఒకటుందని చాలామందికి తెలియలేదు. వెదురు బొంగు, సొరకాయ బుర్రలు, తీగలు. ఆ నాదం సన్ననిది, కొంచెం గరగరగా ఉంటుంది. ఆ గరగరే దాని ప్రాణం. మోత పెంచిన హెడ్‌ఫోన్లలో బుర్ర మాత్రమే వినబడుతుంది, తీగ మాయమవుతుంది. ఆ విన్నవాడు "ఏముంది ఇందులో?" అని పెదవి విరుస్తాడు. ఆ విరుపు ఎవరి ఖాతాలో రాయాలి?

కొన్నేళ్ల కిందట నల్లమల అంచు పల్లెకు చెందిన ఒక ముసలి కథాగాయకుణ్ణి వెంటబెట్టుకొని నగరంలో ఒక స్టూడియోకు వెళ్లాను. ఏ స్టూడియో అన్నది ఇక్కడ అనవసరం. ఆయన జన్మంతా ఒక చెవికి అరచేయి అడ్డుపెట్టుకొని, రెండో చెవి ఊరికి వదిలి పాడినవాడు. అక్కడి కుర్రవాడు ఆయన తలపాగా తీయించి, రెండు చెవులూ మూసేలా హెడ్‌ఫోన్లు బిగించాడు. చెవులు మూసుకుంటే మన గొంతు ఎముకల గుండా లోపలే గుంయిమంటుంది. మీరూ ఇప్పుడే రెండు చెవులు మూసుకొని ఒక పద్యం అందుకోండి, తెలుస్తుంది. ఆయన రెండు చరణాలు పాడి ఆపి, "సారూ, నా గొంతు నాకే బాయిలకెల్లి ఇనొస్తున్నది" అన్నాడు. గొంతు తగ్గించాడు. శ్రుతి కిందికి జారింది. ఒక వైపు చిప్పను తీసి కణతకు ఆనించి, ఆ వైపు శబ్దం ఆపేయమని అడిగాను. ఒక చెవి విడిచి పాడటం సినిమా గాయకులు కూడా చేసేదే. "పర్వాలేదు సార్, శ్రుతి తప్పితే కంప్యూటర్లో సరిచేస్తాం" అన్నాడు కుర్రవాడు. అద్దె గంటలు అయిపోయాయి. సరిచేశారు కూడా. ఆ మనిషి ఇప్పుడు లేడు. ఆ కథ తెలిసినవాళ్లు ఆ పల్లెలో ఇంకెవరూ లేరు. మిగిలింది ఆ సరిచేసిన ముద్రణ ఒక్కటే. అందులో శ్రుతి ఉంది, ఆయన లేడు.

ఇది హెడ్‌ఫోను తప్పు కాదు, వాడినవాడి తప్పు అంటారేమో. సరే. కాని వాడినవాడికి ఆ ధీమా ఎక్కడిది? "నొప్పి పెడుతుంది, అలవాటైపోతుంది" అన్న సూత్రం నుంచి వచ్చిందే కదా! పెట్టుకున్న మనిషి బాధ లెక్కలోకి రాదన్నది ఆ సూత్రానికి అర్థం. చెవికి ఏది సుఖమో ఆ ముసలాయన అరచేతికి తెలుసు, పరికరం కొన్నవాడికి తెలియదు.

మూసిన జాతిని మొత్తంగా కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. బజారు పక్కన ఇల్లున్నవాడికి, పెళ్లి ఊరేగింపులో డీజే మోత నడుమ ముద్రణ సరిచూసుకోవలసినవాడికి అవే గతి. బయటి రొద తగ్గుతుంది కనుక శబ్దం తక్కువ పెట్టుకొని వినవచ్చు. ఇది చిన్న లాభం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు వినవచ్చు. 90 వద్ద 4 గంటలే. అయితే మెత్తకు సందు పడితే ఈ లాభమూ పోతుంది. రొద లోపలికి వస్తుంది, మనం శబ్దం పెంచుతాం.

"ధర తక్కువలో ఇంతకన్నా సుఖం రాదు" అనేవారు కూడా ఉన్నారు. ఇరవై రూపాయల చెప్పులైనా మా ఊరి సంతలో తొడిగి నాలుగడుగులు వేసి చూడనిచ్చేవాడు. వేలు పోసి కొనే హెడ్‌ఫోన్ల పెట్టెను మాత్రం మొన్న ఒక కొట్టువాడు విప్పనివ్వలేదు. "సీలు తీస్తే మీదే సార్" అన్నాడు. జాలంలో కొనడమంటే ఇంకా గుడ్డివ్యాపారం. అందుకే నలుగురికి సలహా చెప్పేవారి మాటకు అంత బరువు వచ్చింది, అందుకే ఇంత కోపమూ వచ్చింది.

కాబట్టి ఈసారి ఎవరైనా హెడ్‌ఫోన్లను మెచ్చుకుంటూ టపా రాస్తే మూడు సంగతులు కూడా రాయండి. కళ్లద్దాలు పెట్టుకొని విన్నారా, తీసి విన్నారా? ఏకబిగిన ఎంతసేపు? పంకా తిరుగుతున్నదా, ఆపారా? ఆ తరువాత అద్భుతమనండి, వ్యాఖ్య రాయడానికి నేను సిద్ధం.