గాయపరచి బతికించే ఋతువు

అమెరికాలో సెప్టెంబరు నెల మొదటి సోమవారం కార్మిక దినం. అక్కడివారి లెక్కలో ఆ సెలవుతో వేసవి ముగిసినట్లే. ఆ మరునాటి తెల్లవారుజామున న్యూయార్కు, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రాలలోని చాలా గోల్ఫు మైదానాలలో ఒక విచిత్రమైన దృశ్యం కనిపిస్తుంది. గడ్డి మీది మంచు ఇంకా ఆరి ఉండదు. మనిషి వెనుక నుంచి నడిపించే ఒక యంత్రం టకటకమని చప్పుడు చేస్తూ, పట్టు తివాచీ వంటి పచ్చికలో వరుసగా రంధ్రాలు పొడుచుకుంటూ పోతుంది. ఒక్కొక్క రంధ్రం నుంచి వేలెడంత మట్టి కడ్డీ పైకి వచ్చి పడుతుంది. పనివారు వాటిని పారలతో ఎత్తి బండిలో పోస్తారు. ఆ తరువాత పచ్చదనం కనబడనంతగా ఇసుక చల్లుతారు. నిన్నటిదాకా అద్దంలా మెరిసిన నేల గంట తిరిగేసరికి జల్లెడలా మారిపోతుంది.

అప్పుడే కర్రల సంచీ భుజాన వేసుకొని ఆటగాడు వస్తాడు. ఎండ తగ్గింది, గాలి చల్లబడింది, ఏడాదిలో ఆటకు ఇంతకన్నా మంచి రోజులు లేవు. సరిగ్గా ఈ రోజులలోనే మైదానాన్ని పాడుచేయాలా అని అతడు అడుగుతాడు. ఆ ప్రశ్న ఏటేటా వినవచ్చేదే. మైదాన సంరక్షకుడు ఏటేటా ఒకే జవాబు చెబుతాడు. ఆటకు మంచి రోజులు ఏవో, గడ్డికి చికిత్స చేయడానికి మంచి రోజులు కూడా అవే.

గోల్ఫు ఎరుగని పాఠకులకు ఒక్క మాట. విశాలమైన మైదానంలో బంతి చివరకు చేరవలసిన గుంత వ్యాసం నాలుగుంపావు అంగుళాలు మాత్రమే. ఆ గుంత చుట్టూ అతి నునుపుగా పెంచిన పచ్చికను 'గ్రీన్' అంటారు. ఒక ఆటకు 18 గుంతలు. ప్రమాణంగా 72 దెబ్బలలో ముగియవలసిన ఆటలో 36 దెబ్బలు, అంటే సరిగ్గా సగం, ఈ గ్రీన్ల మీదే పడతాయని లెక్క. అందువల్ల మైదానమంతటిలో అతి చిన్న భాగమైనా, గ్రీన్ మీదనే అందరి దృష్టీ ఉంటుంది.

చల్లని దేశాలలో గ్రీన్ల మీద తరచుగా పెంచేది 'బెంట్ గ్రాస్' అనే సన్నని గడ్డి. దాని విత్తనం ఎంత చిన్నదంటే ఒక్క గ్రాములో పదివేలకు పైగా గింజలు ఉంటాయి. దీనిని దాదాపు ప్రతిరోజూ 3 మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరిస్తారు. అది బియ్యపు గింజ పొడవులో సగం. ఆకుతోనే ఆహారం తయారుచేసుకునే మొక్కకు అంత మాత్రమే ఆకు మిగిల్చి, దాని మీద రోజుకు వందల పాదాలు నడవనిచ్చి, అయినా అది పచ్చగా నవనవలాడాలని కోరడం ప్రకృతికి విరుద్ధమైన కోరికే. ఆ కోరికను తీర్చడమే సంరక్షకుని ఉద్యోగం.

ఈ గడ్డి చల్లదనాన్ని కోరుతుంది. ఆకులు 16 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో చక్కగా పెరుగుతాయి. వేళ్లకు ఇంకా చల్లని నేల కావాలి. 10 నుంచి 18 డిగ్రీల మధ్య అవి హాయిగా కిందికి దిగుతాయి. జూలై, ఆగస్టు నెలలలో నేల అంతకు మించి కాగినప్పుడు గడ్డి బతుకు తలకిందులవుతుంది. వేడిలో మొక్క శ్వాసించే వేగం పెరుగుతుంది. శ్వాసకు ఖర్చయ్యే చక్కెర, ఆకు సంపాదించే చక్కెరను మించిపోతుంది. సంపాదన తగ్గి ఖర్చు పెరిగిన సంసారం నిలవ సొమ్ము తీసి తిన్నట్లే, గడ్డి తన మొదళ్లలో దాచుకున్నది తింటుంది. అదీ చాలనప్పుడు వేళ్లను వదులుకుంటుంది. వసంతంలో జానెడు లోతుకు దిగిన వేళ్లు ఆగస్టు చివరికి రెండు మూడు అంగుళాలలోనే మిగలవచ్చు. పైకి మాత్రం నీళ్లు చిలకరించి, మందులు కొట్టి, పచ్చదనం నిలబెడతారు. ఆటగాడు చూసేది ఆ పచ్చదనాన్ని. సంరక్షకుడు చూసేది చాకుతో కోసి తీసిన మట్టి ముక్కలోని తెల్లని వేళ్లను.

వేసవి చేసే అపకారం అంతటితో ఆగదు. పాదాల తాకిడికి, యంత్రాల బరువుకు మట్టి అణగిపోతుంది. మట్టి రేణువుల నడుమ గాలి ఆడే ఖాళీలు మూసుకుపోతాయి. చచ్చిన కాడలు, తీగలు, వేళ్లు కుళ్లక ముందే పేరుకొని నేలకూ ఆకుకూ నడుమ పీచుపీచుగా ఒక పొర ఏర్పడుతుంది. వాన కురిస్తే ఆ పొర నీటిని స్పంజిలా పీల్చుకుంటుంది, ఎండ కాస్తే నీటిని కిందికి దిగనివ్వదు. వేళ్లు గాలి కోసం పైకి ఎగబాకి ఆ పొరలోనే కాపురం పెడతాయి. అటువంటి గడ్డి మరుసటి వేసవిని తట్టుకోవడం కష్టం.

రంధ్రాల యంత్రం అవసరం ఇక్కడే. బోలుగా ఉండే ఇనుప మేకులు అర అంగుళం వెడల్పున, మూడు అంగుళాల లోతున మట్టిని తొలిచి పైకి తీస్తాయి. రంధ్రానికీ రంధ్రానికీ నడుమ రెండు అంగుళాల ఎడం ఉంటే, చదరపు మీటరుకు సుమారు 400 రంధ్రాలు పడతాయి. ఒక గ్రీన్ వైశాల్యం 500 చదరపు మీటర్లు అనుకుంటే రెండు లక్షల రంధ్రాలు, 18 గ్రీన్లకూ కలిపి 36 లక్షలు. ఇంత చేసినా ఒక విడతకు మారేది పైనేలలో నూటికి అయిదు వంతులే. ఏటేటా ఓపికగా చేస్తేనే ఫలితం కనిపిస్తుంది. ఆ రంధ్రాలను ఎండు ఇసుకతో, బ్రష్షులతో రుద్ది, అంచులదాకా నింపుతారు. ఇసుక అణగదు. నీరు దిగడానికీ గాలి ఆడడానికీ దారి నిలిచి ఉంటుంది. కొత్త వేళ్లు ఆ దారినే వెతుక్కుంటూ తెల్లని దారాల్లా కిందికి దిగుతాయి.

గడ్డికి ఇసుక మేలు చేస్తుందన్న సంగతి ఈనాటిది కాదు. 1821లో జన్మించి 1908లో మరణించిన టామ్ మోరిస్ స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ మైదానాన్ని దాదాపు నాలుగు దశాబ్దాలు సంరక్షించాడు. అంతకు ముందు ఆయన ప్రెస్ట్‌విక్ మైదానంలో పనిచేసేవాడు. అక్కడ ఒకనాడు ఇసుక బండి పొరపాటున గ్రీన్ మీద ఒలికిపోయిందనీ, కొన్నాళ్లకు ఆ మేరకు గడ్డి మిగతా చోట్లకన్నా దట్టంగా లేచిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. కథ మాట ఎలా ఉన్నా, గ్రీన్ల మీద ఇసుక పరచడం ఆయన కాలం నుంచే సంరక్షకుల నిత్యకృత్యాలలో ఒకటైంది. సముద్రతీరపు ఇసుక నేలల మీద పుట్టిన ఆట అది. లోతట్టు బంకమట్టి నేలలకు తరలి వెళ్లినప్పుడు పుట్టింటి ఇసుకను వెంట తీసుకుపోక తప్పలేదు.

ఈ చికిత్సకు శరదృతువు ఆరంభాన్నే ఎందుకు ఎంచుకోవాలి? వేసవి నడుమ తొలిస్తే గాయం ద్వారా తేమ ఆరిపోయి, ఉన్న గడ్డి కూడా చస్తుంది. అక్టోబరు గడిచాక తొలిస్తే గాయం మానడానికి ఎదుగుదల మిగలదు. రంధ్రాలు చలికాలమంతా నోళ్లు తెరుచుకొని ఉండిపోతాయి. ఆగస్టు చివరి నుంచి అక్టోబరు మొదటి వారాలదాకా ఆరు వారాల వ్యవధి ఒక్కటే రెండు విధాలా అనుకూలం. రాత్రులు చల్లబడి నేల వేడి దిగుతుంది, పగటి ఎండ ఇంకా ఆకుకు సరిపోతుంది. వేసవిలో పుట్టిన కలుపు వయసు మీరి చావుకు దగ్గరపడుతుంది. చల్లిన విత్తనం వారం పది రోజులలో మొలుస్తుంది, మొలిచిన పిలకకు మంచు కాలం రాకముందు వేరూనుకునే తీరిక ఉంటుంది. రంధ్రాలు సుమారు రెండు మూడు వారాలలో పూడిపోతాయి.

గడ్డికి అనుకూలించే ఋతువు తెగుళ్లకూ అనుకూలించడం ఇందులోని చిక్కు. రాత్రులు దీర్ఘమైన కొద్దీ మంచు ఎక్కువసేపు నిలుస్తుంది. తెల్లవారి గడ్డి కొనల మీద మెరిసే బిందువులన్నీ ఆకాశం నుంచి దిగినవి కావు. కొన్ని మొక్క లోపలి నుంచి స్రవించినవి. వాటిలో చక్కెర, మరికొన్ని పోషకాలు ఉంటాయి. శిలీంధ్రాలకు అది విందు భోజనం. వెండి డాలరు నాణెమంత గుండ్రని మచ్చలతో వచ్చే తెగులును అమెరికాలో 'డాలర్ స్పాట్' అంటారు. దానికి బలమిచ్చేది ఈ తడే. పూర్వం గ్రీన్‌కీపర్లు పొడవాటి వెదురు గడలు పుచ్చుకొని, ఉదయాన్నే గడ్డి మీద ఇటూ అటూ విసురుతూ ఆ బిందువులను దులిపేవారు. ఒక్క కానీ ఖర్చులేని ఆ చికిత్సను చాలాచోట్ల మరచిపోయి, 20వ శతాబ్దంలో పాదరసం కలిసిన మందులను దశాబ్దాల తరబడి చల్లారు. ఆ విషం మట్టిలో నిలిచిపోయి నీటిని పాడుచేస్తుందని గ్రహించాక వాటిని నిషేధించారు. మందుల వాడకాన్ని తగ్గించాలన్న పట్టుదల పెరిగిన ఈ రోజులలో, మంచు దులపడం మళ్లీ గౌరవం పొందుతున్నది.

ఎరువు విషయంలోనూ మితమే ప్రధానం. ఆకలిగా ఉన్న గడ్డికి కొద్దికొద్దిగా నత్రజని అందిస్తే వేరు బలపడుతుంది. ఒక్కసారిగా కుమ్మరిస్తే ఆకు మాత్రం లేతగా, నీరుపట్టి పెరిగి, శిలీంధ్రానికి ఆహారమవుతుంది. కోత యంత్రం కత్తిని కూడా కొద్దిగా పైకి ఎత్తుతారు. ఒక వెంట్రుకవాసి ఆకు అదనంగా మిగిలితే, చలికాలానికి దాచుకునే చక్కెర ఆ మేరకు పెరుగుతుంది.

వెచ్చని ప్రాంతాలలో లెక్క వేరు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో మైదానాల మీద పరుచుకునే 'బెర్ముడా గడ్డి' తెలుగువారికి అపరిచితం కాదు. వినాయకచవితినాడు పత్రిలో కట్టి స్వామికి సమర్పించే గరిక అదే. జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్ పరిశోధనా కేంద్రంలో ఆ గరికకు ఆఫ్రికాకు చెందిన మరొక సన్నని రకాన్ని సంకరం చేసి, గోల్ఫుకు పనికివచ్చే రకాలను రూపొందించారు. గరిక ఎండలో రాణిస్తుంది, నేల 10 డిగ్రీలకు చల్లబడితే గోధుమరంగుకు తిరిగి నిద్రపోతుంది. అందుచేత శరదృతువులో దాని మీద రై గడ్డి విత్తనం చల్లుతారు. ఏటా ఏప్రిల్‌లో మాస్టర్స్ పోటీ జరిగే ఆగస్టా మైదానం వేసవి నెలలలో మూసి ఉంటుంది. టెలివిజన్‌లో లోకమంతా చూసి ముచ్చటపడే అక్కడి ఫెయిర్‌వేల పచ్చదనం అంతకు ముందటి శరత్కాలంలో విత్తినదే. దీనికీ ఒక మూల్యం ఉంది. వసంతంలో గరిక మేల్కొనే వేళకు రై గడ్డి దాని నీటినీ వెలుతురునూ పంచుకుంటుంది. నీటి కరువున్న చోట్ల కొందరు ఈ విత్తడం మానుకొని, గరికను గోధుమరంగులోనే ఉండనిస్తున్నారు. ఆట దానివల్ల చెడిపోదు.

అసలు పోరాటం గడ్డితో కాదు, మనుషుల కోరికలతో. 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే ఆయన గ్రీన్ మీద బంతి ఎంత దూరం దొర్లుతుందో కొలిచే చిన్న సాధనాన్ని రూపొందించాడు. దానికి మెరుగులు దిద్ది, అమెరికా గోల్ఫు సంఘం 1978 నుంచి మైదానాలకు అందజేసింది. ఒక మైదానంలోని గ్రీన్లన్నీ సమానంగా ఉన్నాయో లేదో చూసుకోవడం దాని ఉద్దేశం. కానీ త్వరలోనే అది పోటీకి కొలబద్ద అయింది. పొరుగు క్లబ్బులో బంతి ఒక అడుగు ఎక్కువ దొర్లుతున్నదని తెలిస్తే, ఇక్కడా అలాగే దొర్లాలి. అందుకు గడ్డిని ఇంకా పొట్టిగా కోయాలి, ఇంకా దాహంతో ఉంచాలి. 2020లో కోవిడ్ కాలాన ఆరుబయటి ఆటగా గోల్ఫుకు అమెరికాలో ఆదరణ పెరిగినప్పుడు పాదాల బరువూ పెరిగింది. ఆదాయం వచ్చే సెప్టెంబరులో గ్రీన్లు మూసి రంధ్రాలు పొడవడానికి యాజమాన్యానికి మనసొప్పదు. ఈసారికి వాయిదా వేద్దాం అంటారు.

వాయిదా వేసిన సంవత్సరం ఏమీ జరగదు. అదే ఇందులోని ప్రమాదం. శరత్తులో గ్రీన్ నిండుగా ఉంటుంది, వసంతంలో ఇంకా అందంగా ఉంటుంది. మరుసటి ఆగస్టులో, వరుసగా నాలుగు రోజులు ఉక్కపోసి ఒక సాయంకాలం గట్టి వాన కురిసినప్పుడు, వేళ్లు లేని గడ్డి రెండు రోజులలో పసుపుపచ్చగా మారి కూలిపోతుంది. అప్పుడు నింద పడేది వాయిదా కోరినవారి మీద కాదు, సంరక్షకుని మీద. ఆ కారణంగా ఉద్యోగాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. శరత్కాలంలో ఒకటి రెండు వారాల అసౌకర్యానికి అంగీకరించమని అతడు బతిమాలడంలో గడ్డి ప్రాణంతోపాటు అతని బతుకుతెరువు కూడా ఇమిడి ఉంది.

సెప్టెంబరు చివరి వారానికి ఆ గ్రీన్ మీద గాయపు గుర్తులు దాదాపుగా కనిపించవు. ఇసుక ఆకుల కిందికి దిగిపోతుంది. బంతి మళ్లీ గీత గీసినట్లు దొర్లుతుంది. రంధ్రాలు పొడిచిననాడు గొణిగిన ఆటగాడు వాటి సంగతే మరచిపోతాడు. సంరక్షకుడు మాత్రం ఒక ఉదయం గ్రీన్ అంచున మోకాలి మీద వంగి, చాకుతో చిన్న ముక్క కోసి పైకి తీస్తాడు. ఇసుక నిండిన రంధ్రం వెంబడి తెల్లని వేళ్లు కిందిదాకా దిగి ఉంటాయి. అతడు ఆ ముక్కను తిరిగి దాని చోట ఉంచి, పాదంతో అదిమి, తరువాతి గ్రీన్ వైపు నడుస్తాడు.