ఇంజనీరు ఎవరి మనిషి?



నేసిన గుడ్డలో డ్యామేజి చూపించి మన కూలి కోసేవాడు ఎవరి జీతం తింటాడో మనకు తెలుసు. డ్యామేజి లేనిచోట కూడా వాడి వేలికి డ్యామేజి తగులుతుంది. కార్ఖానాలో ఇంత తెలిసిన మనం ఇంటికి వచ్చేసరికి ఎందుకు అమాయకులమైపోతున్నాం? ఇంటి సేట్ పంపిన ఇంజనీరు మాటే వేదవాక్కని ఎందుకు తలవంచుతున్నాం?

2020 సెప్టెంబర్ 21 తెల్లవారుజామున భివండీ పటేల్ కాంపౌండులో జిలానీ భవనం నిద్రలో ఉన్నవారి మీద కూలింది. 38 మందికి తగ్గకుండా చనిపోయారు. ఆ ఊళ్ళో మనవాళ్ళు ఎన్ని తరాలుగా సాంచెలు నడుపుతున్నారో చెప్పనక్కరలేదు. కనుక గది పోతుందన్న భయంతో తనిఖీయే వద్దనడం మనకు తగదు. మహారాష్ట్రలో 30 ఏళ్ళు దాటిన భవనాన్ని కార్పొరేషన్‌లో నమోదైన స్ట్రక్చరల్ ఇంజనీరు చేత పరీక్ష చేయించాలని చట్టమే చెబుతోంది. ముంబయికి అది 353-బి సెక్షన్. భివండీ, షోలాపూర్ వంటి ఊళ్ళకు 265-ఎ.

చట్టం మంచిదే. కాని డబ్బు ఎవరిస్తే నివేదిక వారి పాట పాడుతుంది. బాడుగ వస్తే చాలనుకునే సేట్‌కు పగిలిన స్తంభం మీద సున్నం పూసి "భేష్" అనే ఇంజనీరు కావాలి. బిల్డరుతో బేరం కుదిరిన సేట్‌కు నిలిచే ఇంటిని "సి-1" అనే ఇంజనీరు కావాలి. సి-1 అంటే వెంటనే ఖాళీ చేసి కూల్చవలసినది. సి-2 పెద్ద మరమ్మతుతో, సి-3 చిన్న మరమ్మతుతో నిలిచేవి. ఒక్క అంకె మారితే సంసారాలు రోడ్డున పడతాయి!

మా చాళ్‌కు సేట్ పంపినాయన మెట్లు కూడా ఎక్కలేదు. కింద గోడకు రెండు దెబ్బలు కొట్టి, సేట్ ఆఫీసులో టీ తాగి పోయాడు. వారం తిరిగేసరికి సి-1 కాగితం వచ్చింది. మేము గదికింత చందా వేసుకుని మరో ఇంజనీరును పిలిచాం. ఆయన రెండు రోజులు ప్రతి గదీ, మిద్దె పైభాగమూ చూశాడు. "మూడు స్తంభాలు పాడయ్యాయి. వానలకు ముందే బాగుచేయకపోతే మీ ప్రాణాలకు పూచీ లేదు. మిగతాది నిలుస్తుంది" అన్నాడు. డబ్బిచ్చిన మాకు కూడా తీపి మాట చెప్పలేదు. అందుకే నమ్మాం.

ఇంజనీరును పెట్టుకునే ముందు ఇవి అడగండి:

1. కార్పొరేషన్ రిజిస్ట్రేషన్ నంబరు ఏది? ఇప్పటికీ చెల్లుతుందా? కార్పొరేషన్ ఆఫీసులో మీరే సరిచూసుకోండి.

2. సేట్‌తో, బిల్డరుతో లావాదేవీ ఉందా? పరీక్షించినవాడే మరమ్మతు కాంట్రాక్టు కూడా అడిగితే దండం పెట్టి పంపండి.

3. ఏ పరీక్షలు చేస్తాడు? కంటిచూపు చాలదు. సుత్తి పరీక్ష, ధ్వని తరంగాల పరీక్ష, కాంక్రీటు ముక్క తీసి చూడడం, దానిమీద మందు చల్లడం ఉండాలి. ఆ మందు పడ్డచోట గులాబీ రంగు వస్తే లోపలి ఇనుముకు ఇంకా రక్షణ ఉన్నట్టు. రాకపోతే తుప్పుకు దారి తెరుచుకున్నట్టు. పక్కనే నిలబడి చూడండి!

4. కొలతలు, ఫొటోలతో నివేదిక నకలు అద్దెదారులకు ఇస్తాడా?

రెండు నివేదికలు పొసగకపోతే ముంబయిలో కార్పొరేషన్ టెక్నికల్ అడ్వైజరీ కమిటీ ఉంది. దాని ముందు పెట్టమని పట్టుబట్టండి. సి-1 నిజమేనని తేలితే ప్రాణమే ముందు, ఖాళీ చేయండి. కాని మీ పేరు, గది కొలత రాయించుకుని, ఆ కాగితం చేతికి వచ్చాకే కదలండి. కట్టడం కూలినంత మాత్రాన అద్దె హక్కు పోదని సుప్రీంకోర్టు 2014లోనే తేల్చింది.

"ఖర్చు సేట్ పెడుతున్నాడు కదా, మనకెందుకు చందా?" అనేవారికి ఒకటే జవాబు: ఆ ఉచితం రేపు మన నెత్తిన పడుతుంది. ప్రతి చాళ్‌లో కూర్చోండి, చందా వేయండి, మన ఇంజనీరును మనమే పెట్టుకుందాం!