నోటు మీద బొమ్మ, కొండ మీద చరిత్ర

పాత 20 రూపాయల నోటు (ఎల్లోరా బొమ్మ ఉన్న కొత్తది కాదు) దొరికితే తిరగేసి చూడండి. కొబ్బరిచెట్ల మధ్య నుంచి సముద్రం, ఆవలి ఒడ్డున లైట్‌హౌస్. అది పోర్ట్ బ్లెయిర్ ఎదుటి నార్త్ బే. 2024లో ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చినా ఆ దృశ్యం మారలేదు. చాథం జెట్టీలో ఫెర్రీ ఎక్కి బాంబూ ఫ్లాట్‌లో దిగి, మౌంట్ హారియట్ కొండదారి పట్టిన వారంతా ఆ మలుపులో ఆగి, నోటు పట్టుకుని ఫొటో దిగుతారు.

దొరలకు ఈ కొండ వేసవి విడిది. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయో సూర్యాస్తమయం చూడటానికే ఇక్కడికెక్కారు. చీకటిపడ్డాక దిగి హోప్‌టౌన్ జెట్టీ చేరేసరికి షేర్ అలీ అఫ్రిదీ అనే ఖైదీ కత్తితో పొడిచి చంపాడు. 1891 యుద్ధంలో ఓడిన మణిపూర్ రాజు కులచంద్ర సింగ్‌నూ, ఆయన సహచరులనూ ఈ కొండ మీదే ఉంచారు. అందుకే 2021లో దీన్ని మౌంట్ మణిపూర్ చేశారు.

సాయంత్రం సెల్యులర్ జైలు డాబా ఎక్కితే అదే సముద్రం మరింత దగ్గరగా కనిపిస్తుంది. మన రంప తిరుగుబాటు ఖైదీలనూ ఈ జైలుకే పంపారు. వారి గది తలుపు తెరిస్తే ఎదురయ్యేది పక్క విభాగం వీపు, వెలుతురొచ్చేది తలకు అందనంత ఎత్తులోని చిన్న కిటికీ నుంచి. ఖైదీలను ఒకరికొకరు కనిపించకుండా ఒంటరిగా ఉంచడమే ఆ కట్టడం ఉద్దేశం; మనం టికెట్ కొని చూసే దృశ్యం వారికి దక్కలేదు. కొండ నుంచి దిగాక జైలుకూ వెళ్లాల్సింది అందుకే.